మా వదినకు వచ్చిన నాలుగో స్థానం

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు చూడాలంటే చెప్పులు విడవాలి. ఇప్పటివాళ్ళతో ఈ మాట అంటే నవ్వుతారు. ఇవాళ అరచేతిలో పెట్టుకుని, తీసుకుపోకూడని చోటికి కూడా తీసుకుపోతున్న ఆ ఇంటర్నెట్టుకు అప్పట్లో ఒక అద్దాల తలుపు, దానికొక నీలం కర్టెను, కంప్యూటరు మీద కప్పడానికి మా షాపు ఓనరు భార్య కుట్టిచ్చిన పూలగుడ్డ ఉండేవి. అనంతపురం గాలికి దుమ్ము మోయడం తప్ప వేరే పని ఉండదు కాబట్టి తలుపు మీద "పాదరక్షలు బయట విడువవలెను" అని కాగితం అంటించి ఉండేది. (ఆ కాగితం కంపోజు చేసింది నేనే. చెప్పులు అనకుండా పాదరక్షలు అన్నందుకు రెండు రోజులు నన్ను నేనే మెచ్చుకున్నాను.) ఆ తలుపు లోపల కూర్చుని నేను చాలామందిని నవ్వించాను. నా మీద నేనే వేసుకున్న జోకులకు లెక్కలేదు. కానీ ఇప్పుడు చెప్పబోయే సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఒకసారి చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు. అది కూడా చెబుతాను.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అంటే కాస్త గౌరవంగా ఉంటుందని అలా అంటున్నాను. ఒకరోజు లెక్కల సారు రాకముందు ఆయన గొంతుతో, ఆయన దగ్గుతో సహా తరగతికి పాఠం చెబుతుంటే, ఆయన గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నారు. విని, "బాగా చేస్తాండావప్పా, ఇంగ రేపట్నుంచి ఈ పనే చేసుకో" అన్నారు. నేను దాన్ని సలహాగా తీసుకున్నాను. మా నాయన కొన్నాళ్ళు గొర్రెల వెంట పంపి, నేను గొర్రెలకు కూడా కబుర్లు చెబుతూ వాటిని పరాయి చేలో పడనిస్తున్నానని తెలుసుకుని, శింగనమలలో బస్సెక్కించి అనంతపురంలో తెలిసినవాళ్ళ కంపోజింగు షాపులో వదిలిపెట్టాడు. అక్కడ పదేళ్ళకు పైగా పెళ్ళిపత్రికలు, గృహప్రవేశాలు, కర్మాంతరం కార్డులు, కాలేజీల ప్రశ్నపత్రాలు కొట్టాను. నా చదువంతా అదే. నాకొచ్చిన తెలుగులో సగం "బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి", మిగతా సగం "ఏవేని రెండింటికి సమాధానములు వ్రాయుము".

తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొలకెత్తుతున్నాయి. మధ్యాహ్నం పూట ఎండకు భయపడి పెళ్ళివాళ్ళు కూడా షాపుకు రాని వేళల్లో నేనూ ఒకటి మొదలుపెట్టి, "చెనిక్కాయ" అని పేరు పెట్టుకుని (కోస్తావాళ్ళు వేరుశనగ అనేది, మా జిల్లా మొత్తం ఆకాశం వైపు చూస్తూ పండించేది) ఊళ్ళో సంగతులు రాయసాగాను. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, సముద్రాల అవతల నుంచి జనం చదివి కామెంట్లు పెట్టేవారు. ఒక వారం రాయలేకపోయి "కాలేజీ ప్రశ్నపత్రాలతో ఊపిరాడలేదు" అన్నాను. అన్నది నిజమే. వాటిని టైపు చేస్తూ ఊపిరాడలేదు. వాళ్ళు మాత్రం నేను వాటిని తయారుచేసే లెక్చరరు అనుకున్నారు. ఆ వారం నుంచి నన్ను "మాష్టారూ" అని పిలవడం మొదలైంది. తొమ్మిదిలో గుమ్మం దాటినవాణ్ణి మాష్టారూ అని పిలిస్తే ఎంత చల్లగా ఉంటుందో మీకు తెలియదు. నేను దాన్ని సరిదిద్దలేదు. అచ్చుతప్పులు దిద్దడం నా పని, ఇలాంటివి దిద్దడం కాదు అనుకున్నాను.

అలాంటి మాష్టారు ఒక ఎండాకాలం పోటీ పెట్టాడు. నిజంగా జరిగిన నవ్వుల సంగతి ఒకటి రాసి పంపాలి. మొదటి బహుమతి అయిదు కిలోల చెనిక్కాయలు, రెండోది మూడు కిలోలు, మూడోది చెనిక్కాయ ఉంటల డబ్బా (బెల్లంతో చుట్టిన ఉండలు). మా చేలో పండినవే, మా అన్నను అడిగి తెచ్చినవే. పోటీ ఎలా నడిపిస్తారని ఒకరు అడిగితే, నాకు తెలిసిన ఒకే ఒక్క న్యాయమైన పద్ధతి చెప్పాను. మా వైపు తొలకరికి ముందు మార్కెట్ యార్డులో సర్కారు చెనిక్కాయ విత్తనాలు ఇస్తుంది. లైను గేటు దాటి, రోడ్డు దాటి పోతుంది. ఆ ఎండలో రోజంతా మనిషి నిలబడలేడు కాబట్టి తన చెప్పు తీసి లైన్లో పెట్టి, తాను పోయి నీడలో కూర్చుంటాడు. చెప్పు అక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. చెప్పుల లైను కదులుతూ పోయి, గేటు దగ్గర టోకెన్లు తీసుకుంటుంది. టోకెన్ నంబరు వచ్చినాక ఎవరు రెడ్డి, ఎవరు కూలి అని అడిగేది ఉండదు. మన పోటీ కూడా అంతే, వచ్చిన ప్రతి రచనకూ ఒక టోకెన్ నంబరు, పేరు తీసేసి ముగ్గురు న్యాయనిర్ణేతలకు పంపుతాను, వాళ్ళ మార్కులు కూడి బయటపెడతాను అని రాశాను. కామెంట్లలో చప్పట్లు. ఆ ఊపులో ఇంకో మాట కూడా రాశాను: "కంప్యూటరు లేనివారు కాగితం మీద రాసి ఇచ్చినా చాలు, నేనే టైపు చేసి టోకెన్ ఇస్తాను." దీనికి ఇంకా ఎక్కువ చప్పట్లు. నా గొప్పమనసు గురించి ఒకావిడ అయిదు పంక్తుల కామెంటు రాసింది. నేను దాన్ని ప్రింటు తీసుకున్నాను.

ఒక్కడు మాత్రం, పేరు పెట్టుకోకుండా "అజ్ఞాత" అని వచ్చేవాడు, "బహుమతులు ఎలాగూ మీవాళ్ళకేగా" అని పుల్ల పెట్టాడు. నాకు మండింది. "మా ఇంటి పిల్లి కూడా ఈ పోటీ దరిదాపులకు రాదు" అని జవాబిచ్చాను. నియమాల్లో అలా ఎక్కడా లేదు. రోషానికి అన్న మాట. కానీ అన్నాక అది నాకే నచ్చింది.

ఆ ఆదివారం ఊరికి పోయాను. మా వదిన గురించి చెప్పాలి. ఆమె పెళ్ళయి వచ్చేటప్పటికి వేలిముద్ర. మా అన్న సంతకం పెట్టేచోట తాను వేలు నల్లగా చేసుకోవడం ఆమెకు ఒళ్ళు మంటగా ఉండేదట. ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం వచ్చినప్పుడు మొదటి పలక ఆమెది. కేంద్రం మూతపడ్డాక కూడా వదల్లేదు. కిరాణా కొట్లో పొట్లం కట్టిచ్చిన పాత పేపరు ముక్కను చదివి గానీ పొయ్యిలో వేసేది కాదు. నోటికి మాత్రం పుట్టుకతోనే డిగ్రీ. విత్తనానికి చెనిక్కాయలు వొలిచే రోజుల్లో ఆడవాళ్ళంతా మా పంచలో గుంపుగా కూర్చుంటే, ఆమె చెప్పే సంగతులకు నవ్వి నవ్వి పప్పులు పొట్టులో వేసి, పొట్టు బుట్టలో వేసేవాళ్ళు.

నేను బస్సుకు బయలుదేరుతుంటే ఆమె బియ్యపు కవరులో మడిచిపెట్టిన నాలుగు నోటుబుక్కు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెన్సిలుతో రాసినవి. తప్పుపోతే చెరుపుకోవడానికి పెన్సిలు. చెరిపిన చోట్ల కాగితం పలచబడి అటువైపు వెలుతురు కనిపిస్తోంది.

"కాయితం మీద రాసినా తీసుకుంటావంట గదప్పా. మీ అన్న చెప్పినాడు."

"బహుమతి మన చెనిక్కాయలే వదినా" అన్నాను, నవ్విస్తున్నాననుకుని.

"అవి మూటగట్టింది నేనే గదా, నాకెందుకు? సదువుకున్నోళ్ళు సదివి ఇది బాగుండాది, ఇది బాగలేదు అని చెప్తే చాలు. మనోళ్ళయితే నా మొకం చూసి నవ్వుతారు. మొకం చూడనోళ్ళు నవ్వుతారా లేదా అని."

ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నా పోటీలో పేర్లు తీసేసి నంబర్లు వేయడం ఎందుకో నాకంటే ఆమెకే బాగా తెలుసనిపిస్తోంది. ఆ రోజు మాత్రం నాకు వినపడింది ఒక్కటే. అజ్ఞాత నవ్వు.

షాపుకు వచ్చి ఆ కవరును పెళ్ళికార్డుల నమూనాల డ్రాయరులో వేశాను. టోకెన్ ఇవ్వలేదు. చదవలేదు కూడా. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం న్యాయం. సొంత వదినను పోటీలో పెడితే అన్యాయం కదా అని. అసలు కారణం చెప్పడానికి ఇంత వయసు రావాల్సి వచ్చింది: అది బాగుండదని నేను ముందే తేల్చుకున్నాను. పెన్సిలు కాగితాన్ని ఆ చదువుకున్నవాళ్ళ ముందు పెడితే వాళ్ళు నవ్వుతారు, అది మా ఇంటి నుంచి వచ్చిందని ఎలాగో తెలిసిపోతుంది, మాష్టారి ఇంట్లో ఇలా రాస్తారా అనుకుంటారు. తొమ్మిదిలో బడి మానినవాడు పలకతో మొదలుపెట్టిన మనిషిని చూసి సిగ్గుపడ్డాడు.

పోటీ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. నలభై ఒక్క రచనలు వచ్చాయి. న్యాయనిర్ణేతల్లో ఇద్దరు దూరపు బ్లాగర్లు, మూడోవాడు మా షాపులో ప్రూఫులు దిద్దే రిటైరైన తెలుగు పంతులు. ఆయన్ను అందరం ప్రూఫు సారు అనేవాళ్ళం. అర మార్కు కూడా ఆలోచించి వేసే మనిషి. మార్కుల పట్టికలు అన్నీ బయటపెట్టాను. ఓడినవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. "ఇంత పారదర్శకమైన పోటీ చూడలేదు" అని ఒకరు, "మాష్టారి నిజాయితీకి నమస్సులు" అని ఒకరు. అజ్ఞాత కూడా వచ్చి "ఒప్పుకుంటున్నాను" అన్నాడు. అది చదివి నేను కుర్చీలో ఒకసారి గిర్రున తిరిగాను. (అది తిరిగే కుర్చీ. ఓనరు లేనప్పుడు మాత్రమే.)

ఫలితాలు పెట్టాక వచ్చిన ఆదివారం ఊరికి పోతే వదిన గడపలోనే అడిగింది, తన కాగితం ఏమైందని. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. నోటికి అలవాటైన పని వేరు. "నాలుగో స్థానం వచ్చింది వదినా" అన్నాను. మూడు బహుమతులే ఉన్నాయి కాబట్టి నాలుగోది ఇవ్వడానికి ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోనక్కర్లేదు, ఆమెకు సంతోషం, నాకు బస్సు టైము. చాలా తెలివైన అబద్ధం అనుకున్నాను.

"ఎంతమందిలో?" అని అడిగింది ఆమె. నలభై ఇద్దరిలో అన్నాను. చూడండి, అబద్ధంలో కూడా లెక్క తప్పనివ్వలేదు.

తర్వాతి వారానికి ఆ నాలుగో స్థానం నాకంటే ముందే బస్సెక్కింది. కండక్టరు టికెట్టు కొడుతూ "మీ వదినకు కంప్యూటర్లో నాలుగో నంబరు వచ్చిందంట గదన్నా" అన్నాడు. మా అన్న, ఎప్పుడూ ఎవరినీ పొగడని మనిషి, టీ అంగట్లో ఆ మాటే రెండుసార్లు చెప్పాడట. వొలిచే గుంపులో ఆమెకు చాప మధ్యలో చోటు. అన్నిటికంటే నన్ను భయపెట్టిన సంగతి, ఆమె రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు కొంది. ఇక పెన్సిలు కాదు, పెన్ను. "ఇంగా శానా ఉండాయి రాసేటివి" అని నాకు చూపించింది. మొదటి పేజీలో అప్పటికే పసుపు బొట్టు పెట్టి ఉంది.

ఒక మధ్యాహ్నం షాపు బయట అలికిడి అయితే కర్టెను పక్కకు తీసి చూశాను. వదిన, ఆమెతో చెనిక్కాయలు వొలిచే ఇద్దరు ఆడవాళ్ళు, ముగ్గురూ వంగి చెప్పులు విడుస్తున్నారు. నేను కంపోజు చేసిన కాగితం చదివి, ఆమె మిగతా ఇద్దరికీ అర్థం చెబుతోంది. నాలుగో స్థానాన్ని కళ్ళారా చూసుకుని పోదామని బస్సెక్కి వచ్చారు. లోపల ప్రూఫు సారు మూలన కూర్చుని ఏదో శుభలేఖ దిద్దుతున్నాడు. ఇద్దరికి నీళ్ళు తెప్పిస్తూ, ఒకరికి ఫ్యాను కింద కుర్చీ వేస్తూ, ఆ సందులో నా చేతులు ఒక పేజీ తయారుచేశాయి. నాలుగో స్థానం అని పెద్ద అక్షరాలు, కింద వదిన పేరు. అది కుడి నుంచి ఎడమకు పరిగెత్తేలా కూడా పెట్టాను, అప్పట్లో అదొక సోకు. అది నా బ్లాగులో లేదు, ఆ ఒక్క కంప్యూటరు కడుపులో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆమె పేరు పరిగెత్తుతుంటే ముగ్గురూ తలలు కుడి నుంచి ఎడమకు తిప్పుతూ చూశారు. వదిన వేలు పెట్టి దాన్ని ఆపబోయింది.

అంతటితో పోతారనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి నన్ను అడిగింది:

"వాళ్ళు యాడ నవ్వినారప్పా?"

"అంటే?"

"సదివినప్పుడు యాడ నవ్వినారు అని. ఏ జాగాలో?"

మూలన ప్రూఫు సారు పెన్ను ఆగింది. నేను పల్లెటూరి సంగతుల్లో మామూలుగా ఏముంటుందో అది అందుకున్నాను. "అదే వదినా, ఆ ఎద్దు వస్తుంది చూడు, ఆడ పడీపడీ నవ్వినారంట."

"దాంట్లో ఎద్దు యాడుండాది?"

"ఎద్దంటే ఎద్దు కాదులే... మేక."

"మేకా?"

"కోడి" అన్నాను.

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వారు. వాళ్ళకు నేను తెలుసు. ఏది అడిగినా వంకరగా చెప్పి నవ్వించే మనిషిని కదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. నవ్వనిది వదిన ఒక్కతే. ఆమె నా ముఖం కేసి చూస్తూ ఉంది. ఎండలో నడిచి వచ్చినప్పటి చెమట ఆ ముఖం మీద అప్పుడే ఆరుతోంది. ఫ్యాను తిరుగుతోంది, పేరు పరిగెత్తుతోంది.

నన్ను అక్కడే నిలబెట్టి అడిగి ఉండొచ్చు. తిట్టి ఉండొచ్చు. మా వైపు తిట్లకు కరువు లేదు. ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగి "సారోళ్ళు శానా నవ్వినారంట పాండి, బస్సు పోతాది" అంది. వాళ్ళ ముందు నా పరువు పోనివ్వలేదు. చెప్పులు వేసుకునేటప్పుడు, వాళ్ళు మెట్లు దిగాక, తలెత్తకుండా చెప్పింది:

"సదవలేదు అని చెప్పింటే సరిపోయేది గదప్పా."

నేను లోపలికి వచ్చేసరికి ప్రూఫు సారు చేయి చాచి ఉన్నాడు. ఆ కాగితాల కోసమేనని అర్థమైంది. డ్రాయరులో వెతికితే ఆ కవరు రెండు పెళ్ళికార్డుల మధ్య ఇరుక్కుని, వాటి మూలల పసుపు అంటుకుని బయటికి వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాడు. రెండో కాగితం దగ్గర భుజాలు కదిలాయి. మూడో కాగితం దగ్గర అద్దాలు తీసేసి, కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. నాలుగోది అయ్యాక నాకు ఇచ్చాడు. అప్పుడు చదివాను.

అందులో ఎద్దు లేదు. విత్తనాల లైను ఉంది. వదిన తన చెప్పు లైన్లో పెట్టి వేపచెట్టు కిందికి పోతుంది. ఒక కుక్క వచ్చి, అన్ని చెప్పులూ వాసన చూసి, "సర్కారు ఆఫీసరు మాదిరి అందర్నీ పక్కన పెట్టి" ఆమె చెప్పునే నోట కరుచుకుని చెరువు కట్ట మీదికి పరిగెత్తుతుంది. ఆమె ఒక కాలికి చెప్పు, ఒక కాలికి ఎండతో దాని వెంట పడుతుంది. కుక్క నిలబడి ఆమె వచ్చేదాకా చూసి మళ్ళీ పరిగెత్తడం, తాను దానికి టోకెన్ వచ్చాక సగం విత్తనాలు ఇస్తానని బతిమాలడం, కట్ట మీద పోయే బస్సులో జనం లేచి చూడటం, ఇవన్నీ రాసింది. చెప్పు దొరకలేదు. ఏడుపు మొహంతో తిరిగి వస్తే లైను చాలా ముందుకు పోయింది. కానీ అందులో ఆమె చోటు ఖాళీగా లేదు. ఆమె వెనకున్న, ఏ ఊరో తెలియని ఒక పెద్దాయన తన చెప్పుల్లో ఒకటి తన చోట, ఇంకొకటి ఆమె చోట పెట్టి, లైను కదిలినప్పుడల్లా రెండూ జరుపుతూ, తాను వట్టికాళ్ళతో ఆ కాలే నేల మీద నిలబడి ఉన్నాడు. మధ్యలో దూరబోయిన వాళ్ళకు "ఈడ ఒక ఆడమనిషి ఉండాది, కుక్కతో మాట్లాడేకి పోయింది, వస్తాది" అని చెబుతున్నాడు. చివర ఆమె రెండు వాక్యాలు రాసింది: "ఆయప్ప పేరు అడగల్యా. కాళ్ళు మాత్రం చూసినా."

ప్రూఫు సారు ఎర్ర పెన్సిలు తీసి కాగితం పైన మూలలో 42 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన మార్కు వేశాడు. పదికి తొమ్మిదిన్నర. ఆయన నలభై ఒకటిలో ఎవరికీ ఎనిమిది దాటి వేయలేదు. "పేరు తీసేసి నంబరు వేసినాక వదినైతే ఏంది, ఎవరైతే ఏందిరా? నీ పద్ధతి నీకే నమ్మకం లేదా?" అన్నాడు. ఆ లైన్లో మనిషీ చెప్పూ రెండూ లేకపోయినా చోటు దొరికింది. నా దగ్గరికి మనిషి నడిచివచ్చి నాలుగు కాగితాలు చేతిలో పెట్టినా దొరకలేదు.

ఆ సాయంత్రమే ఆమె రాసింది ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసి బ్లాగులో పెట్టాను. దానికి ముందుమాటగా జరిగినదంతా ఒప్పుకున్నాను. డ్రాయరు, నాలుగో స్థానం, ఎద్దు, మేక, కోడి. నేను లెక్చరరును కానని, తొమ్మిది కూడా పూర్తి చేయలేదని కూడా రాశాను. రాసి, తిట్ల కోసం తల వంచుకుని కూర్చున్నాను. కామెంట్లు వచ్చాయి. "హహహ, మాష్టారూ, ఎద్దు మేక కోడి అదుర్స్." "వదిన పాత్రను ఎంత సహజంగా సృష్టించారు." "తొమ్మిదో తరగతి అట, మీ వినయం!" అయిదు పంక్తుల ఆవిడ పది పంక్తులు రాసింది, మీలాంటి నిజాయితీపరుడు తన మీద తానే ఇలాంటి కథ అల్లుకోవడం ఎంత గొప్ప అని. ఇది నిజమండీ అని జవాబిస్తే ఇంకా నవ్వారు. జీవితమంతా నవ్వించినవాడికి ఒక్కసారి నిజం చెప్పే అవసరం వస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. నన్ను నమ్మింది ఒకే ఒక్కడు. అజ్ఞాత వచ్చి ఒక్క మాట రాసిపోయాడు: "నమ్ముతున్నాను."

ఆ పేజీని ప్రింటు తీసుకుని, ప్రూఫు సారు మార్కు వేసిన కాగితాలు కూడా పెట్టుకుని ఊరికి పోయాను. వదిన జొన్నలు చెరుగుతోంది. నేను గడప బయటే నిలబడి, సారు ఏం చెప్పాడో చెప్పి, నీది నాలుగోది కాదు వదినా, మొదటిది అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, ప్రింటు తీసుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదువుకుంది. కుక్క దగ్గర తానే నవ్వింది. తర్వాత నాకు తిరిగి ఇచ్చేసింది.

"నాలుగే ఉండనీలే" అంది.

"అట్ల కాదు వదినా, నిజంగానే..."

"ఊరంతా నాలుగు అని చెప్పుకున్నా. ఇప్పుడు ఒకటి అంటే నేను అబద్దాలు చెప్పినట్ల అయితాది. అది నీకు అలవాటు, నాకు లేదప్పా."

అలా మా ఊళ్ళో ఈనాటికీ ఆమెది నాలుగో స్థానమే. ఆ పోటీ గురించి అంత మంచిగా చెప్పుకున్న బ్లాగు మాత్రం ఇప్పుడు లేదు. పాస్‌వర్డు మరిచిపోయి నేను, నన్ను మరిచిపోయి వాళ్ళు, ఇద్దరం వదిలేశాం. షాపు తలుపు మీద కాగితం పోయింది, తలుపు కూడా పోయింది. వదిన నోటుబుక్కు మాత్రం పోలేదు. రాయడం మానేస్తుందేమో అని కొన్నాళ్ళు నాకు నిద్ర పట్టలేదు. ఆమె మానలేదు. మొదటిది నిండి, రెండోది నిండి, ఇప్పుడు మూడోది నడుస్తోంది. బియ్యం డబ్బా పైన, అందరికీ కనిపించేలాగే పెడుతుంది. వొలిచేవాళ్ళకు చదివి వినిపిస్తుంది, మా అన్నకు చదివి వినిపిస్తుంది, బస్సు కండక్టరుకు కూడా ఒకటి వినిపించిందట.

నాకూ వినిపించమని ఎప్పుడు అడిగినా మాత్రం పెన్ను మూత పెట్టి, "టోకెన్ ఉండాదా?" అంటుంది. ఎక్కడిస్తారు వదినా అంటే, "ఇస్తారు, లైన్లో నిలబడు" అంటుంది. మొన్న పోయినప్పుడు కూడా అడిగాను. తలకు రంగు వేసుకునే వయసులో, గడప అవతల వట్టికాళ్ళతో నిలబడి, నా చెప్పులు రెండూ ఒకదాని వెనక ఒకటి, గుమ్మం వైపు ముక్కు పెట్టి జాగ్రత్తగా సర్దాను. ఆమె కిటికీలోంచి చూసింది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. వీధికుక్క ఒకటి వచ్చి వాటిని వాసన చూసి, తీసుకోకుండానే పోయింది.